ఓడ పోయినా మనిషి మిగలాలి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్యలు వేశాం. మొదటి పంట నలభై అయిదు రోజులకే వైట్ స్పాట్ జబ్బు వచ్చి పోయింది. రెండో పంటలో పిల్ల ఎదగలేదు, మేత ఖర్చు కూడా రాలేదు. మేత కొట్టుకు ఆరు లక్షలు, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు బాకీ. నా బంగారం బ్యాంకులో ఉంది. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో తీసిన కార్డులో నాకు వచ్చిన బైబిలు వాగ్దానం "అతడు చేయునదంతయు సఫలమగును". నలభై రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించాం. కూటాలకు వచ్చిన ఒక బోధకుడు మా ఇంట్లో దాచిన పాపం ఉందన్నారు, యాభై వేలు కానుక మొక్కుకోమన్నారు. మొక్కుకున్నాం. మావారు ఇప్పుడు గుడికి రావడం లేదు. నిద్రపోరు. "నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది" అంటున్నారు. మూడో పంట విశ్వాసంతో వేయమని కొందరు చెబుతున్నారు. నాకు ప్రార్థన నోట్లోంచి రావడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: సోదరీ, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది అప్పు గురించి రాసిన మాట కాదు, "నేను లేకపోతే" అని మీవారు అన్న మాట. వాగ్దానం గురించి, మొక్కుబడి గురించి, మూడో పంట గురించి తర్వాత చెబుతాను. ఈ రాత్రి చేయాల్సింది ఇది.

పిల్లలు లేనప్పుడు ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. లోపల ఒంటరిగా మోస్తున్నది బయటకు చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆయన అవునన్నా, మాట తప్పించినా, ఆయన్ని ఒంటరిగా వదలకండి. చెరువు గట్టు మీద షెడ్డులో రాత్రి పడుకుంటుంటే అన్నదమ్ముల్లో ఒకరినో బావమరిదినో తోడు పంపండి. షెడ్డులో, ఇంట్లో ఉన్న మందులన్నీ, పురుగుమందులైనా మాత్రలైనా, ఈరోజే వేరొకరింట్లో తాళం వేసి పెట్టించండి. 14416 అనేది టెలి మానస్ నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఆయన మాట్లాడకపోతే మీరే చేసి ఏం చేయాలో అడగవచ్చు. ప్రమాదం దగ్గరపడిందనిపిస్తే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు మూడు రోజుల్లో మానసిక వైద్యుడికి చూపించండి. దానికి విశ్వాసం అడ్డు రాదు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే (కొలస్సయులకు 4:14). తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన చేయమని మాత్రమే రాసి ఊరుకోలేదు, ఏం తాగాలో కూడా రాశాడు (1 తిమోతి 5:23).

ఆయన పోతే పీడ వదలదు. అప్పు మనిషితో పాటు పోయేది కాదు, ఆస్తి మీదా పూచీ సంతకం చేసినవారి మీదా అలాగే ఉంటుంది. కానీ ఇది ఆయనతో వాదనగా చెప్పకండి. "అప్పు ఇద్దరం మోద్దాం, నువ్వు లేకుండా నేను ఒక్కరోజు కూడా మోయలేను" అని చెప్పండి. ఆయనకు ఇప్పుడు లెక్కలతో పని లేదు, తాను ఇంటికి భారం కాదని మీ నోటితో వినాలి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. మనిషి చేయగలిగిందంతా చేసి ఓడిపోయినప్పుడు దేవుడు ఇచ్చే ధైర్యం ఎలాంటిది? దీనికి బైబిలులో నేను మొదట చూపించే చోటు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. మన కూటాల్లో దీన్ని ఎక్కువగా చదవరు. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్తున్న ఓడ తుపానులో చిక్కుకుంది. అందులో 276 మంది ఉన్నారు. వాళ్లు చేసిన ప్రయత్నాలన్నీ లూకా వరసగా రాశాడు. ఓడ చుట్టూ తాళ్లు బిగించారు. మర్నాడు సరుకు సముద్రంలో పారేశారు. మూడో రోజు ఓడ సామగ్రి పారేశారు. చాలా రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనిపించక, బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయింది. "ఆశ పోయింది" అని రాయడానికి లూకా సిగ్గుపడలేదు. ఆ ఓడలో పౌలూ ఉన్నాడు, రాసిన లూకా కూడా ఉన్నాడు.

అప్పుడు పౌలుకు దేవుని దూత ద్వారా వచ్చిన మాటను అతను ఓడలోవాళ్లకు ఇలా చెప్పాడు: "ఓడకే గాని మీలో ఎవని ప్రాణమునకును హాని కలుగదు" (27:22). ఈ మాట జాగ్రత్తగా చూడండి. ఓడ నిలుస్తుందని దేవుడు చెప్పలేదు. ఓడ పోతుందని చెప్పాడు, పోయింది కూడా. సరుకు, గోధుమలు, వెనక భాగం, అంతా అలలపాలైంది. ఈదగలిగినవాళ్లు ఈదారు, మిగతావాళ్లు పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని ఒడ్డు చేరారు. 276 మందీ బతికారు.

మీ కుటుంబం విషయంలో నేను గట్టిగా చెప్పగలిగింది ఇదే. చెరువు లాభంలో పడుతుందని దేవుని పేరుతో మీకు మాటిచ్చే అధికారం నాకు లేదు, ఆ బోధకుడికీ లేదు. కానీ చెరువు పోయినంత మాత్రాన మీరిద్దరూ, మీ పిల్లలూ దేవుని చేతిలోంచి జారిపోలేదు. "విరిగిన హృదయము గలవారికి యెహోవా ఆసన్నుడు" అని 34వ కీర్తన 18వ వచనం. దగ్గర ఉంటాడని చెప్పింది గెలిచినవాళ్లకు కాదు. ఓదార్పుకు మీరు నిలబడాల్సిన నేల అది. చెరువు మీద నిలబడితే మూడో పంట ఎలా పోతుందో దాంతో పాటు మీ విశ్వాసమూ ఊగుతుంది.

వాగ్దానం కార్డు గురించి. కొత్త సంవత్సరం రాత్రి కార్డు తీసుకోవడం తప్పని నేను అనను. కానీ కార్డు మీద ఒక వచనంలో సగమే ఉంటుంది. మీకు వచ్చింది మొదటి కీర్తన 3వ వచనం చివరి ముక్క. వచనం మొత్తం "అతడు నీటికాలువల యోరను నాటబడినదై ఆకు వాడక తన కాలమందు ఫలమిచ్చు చెట్టువలె నుండును, అతడు చేయునదంతయు సఫలమగును". "తన కాలమందు" అన్నది కార్డులో పడలేదు. పైగా మొదటి కీర్తన చదివినవాడే పేజీలు తిప్పితే 13వ కీర్తన, 73వ కీర్తన, 88వ కీర్తన తగులుతాయి. 73లో భక్తిహీనులు వర్ధిల్లడం చూసి కవి కాలు జారబోతుంది. 88వ కీర్తన చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". ఆ కీర్తనలో ఆ తర్వాత స్తుతి లేదు, అయినా అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. ఇవన్నీ కలిపి చదివితేనే మొదటి కీర్తన ఏమంటుందో అర్థమవుతుంది. అది ఒక జీవితం మొత్తం దేవునిలో ఎటు వెళ్తుందో చెబుతుంది. ఈ ఏడాది ఈ చెరువులో ఎన్ని టన్నులు పడతాయో చెప్పదు.

ఇలా సగం తెగిపోయి గోడల మీద వేలాడే వచనాలు ఇంకా రెండున్నాయి, మీకు ఎవరో పంపించే ఉంటారు. యిర్మీయా 29:11 "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని ఉంది. ఫిలిప్పీయులకు 4:13 "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది ఏం సాధించడం గురించో ముందు వచనం చెబుతుంది: ఆకలిలోనూ సమృద్ధిలోనూ బతకడం నేర్చుకోవడం. దాన్ని రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. మీ బైబిలులో ఈ రెండు చోట్లా అధ్యాయం మొదటి నుంచి చివరి వరకు ఒకసారి గట్టిగా చదవండి. తెగిన ముక్కకన్నా నిండు అధ్యాయం ఎక్కువ బలమిస్తుంది, ఎందుకంటే అందులో మీలాంటివాళ్లు ఉంటారు.

"దాచిన పాపం" అన్న మాట మీ ఇద్దరినీ ఎంత కోసిందో మీ ఉత్తరంలో కనబడుతోంది. వైట్ స్పాట్ వైరస్ వల్ల వస్తుంది. పిల్లతోనో, నీటితోనో, గట్టు దాటి వచ్చిన పీతలతోనో చెరువులోకి చేరుతుంది. వచ్చాక కొన్ని రోజుల్లోనే చెరువంతా ఖాళీ చేయగలదు. విశ్వాసి చెరువును అది పక్కన పెట్టదు. పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరు పాపం చేశారని అడిగితే యేసు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే వాళ్లు మిగతావారికన్నా పాపులు కారని చెప్పాడు (లూకా 13:4). సర్వం పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు అధ్యాయాల తరబడి "నీలో ఏదో ఉంది" అని వాదించారు. చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద (యోబు 42:7).

మనలో పాపం లేదని నేను అనడం లేదు. దేవుని ఆత్మ గద్దిస్తే ఫలానా పని అని తెలుస్తుంది: ఆ అబద్ధం, ఆ మనిషికి ఎగ్గొట్టిన డబ్బు. ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుంది (1 యోహాను 1:9), మనసు తేలికపడుతుంది. "ఏదో ఉంది, వెతుక్కో" అని ఎంత వెతికినా పేరు దొరకని నింద అలాంటిది కాదు. అలాంటిది మనసులో తిరుగుతుంటే దానికి జవాబు చెప్పడం మానేయండి.

యాభై వేల మొక్కుబడి మాట. అప్పు తెచ్చి కానుక చెల్లించకండి. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును" (2 కొరింథీయులకు 8:12). మొక్కుకున్నాక తప్పితే శాపం తగులుతుందని భయమా? లేవీయకాండము 27:8 చదవండి. మొక్కుబడి వెల చెల్లించలేనంత బీదవాడు యాజకుడి దగ్గరికి వెళ్లాలి, యాజకుడు అతని కలిమిని బట్టి వెల తగ్గించాలి. ధర్మశాస్త్రంలోనే ఆ దారి పెట్టిన దేవుడు కృపాకాలంలో మీ తాళిబొట్టు అడగడు. మీ సొంత సంఘ కాపరి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ముందు ప్రార్థన చేసి ఆ మాటను దేవుడికి అప్పగించండి. ఆ బోధకుడి మనుషులు ఫోన్ చేస్తే "మా పాస్టరు గారితో మాట్లాడాం, అయిపోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. పంట పోయిన ఇంటికి వచ్చి పాపం పేరు చెప్పి డబ్బు అడగడం పరిచర్య అనిపించుకోదు.

ఉపవాసం ఇప్పుడు ఆపండి, ముఖ్యంగా మీవారి చేత ఆపించండి. ఏలీయా కథ ఎందుకు చెప్పుకోవాలంటే అక్కడ దేవుడు ఏది ముందు, ఏది తర్వాత చేశాడో స్పష్టంగా ఉంది (1 రాజులు 19). అంత గొప్ప ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. మీవారి మాటే. దేవుడు అతన్ని మందలించలేదు, వాక్యం చెప్పలేదు. అతను నిద్రపోయాడు. దూత లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్రపోయాడు. మళ్లీ లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. రెండు నిద్రలు, రెండు భోజనాలు. ఆ బలంతో నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక గాని "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న రాలేదు. పని చెప్పడం ఇంకా తర్వాత. తుపాను ఓడలోనూ పౌలు పద్నాలుగో రోజున అందర్నీ బతిమాలింది ముందు అన్నం తినమనే.

మన ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. నిద్రలేని, తినని మనిషిని రాత్రంతా మెలకువ ప్రార్థనకు కూర్చోబెడతాం. ఉదయానికి కంగారు రెట్టింపవుతుంది, దాన్ని విశ్వాసలోపం అంటాం. మీవారికి మూడు పూటలా వేళకు అన్నం, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ పక్కన పెట్టడం, అప్పులవాళ్ల ఫోన్లు పగలు ఒక గంటలో మాత్రమే మాట్లాడటం, పొద్దున్నే అరగంట నడక. ఇది రెండు వారాలు నడిపించండి. షుగరు, బీపీ మాత్రలు ఉపవాసం పేరుతో మానేసి ఉంటే వెంటనే డాక్టరును అడిగి మొదలుపెట్టించండి. "మీరు వేకువనే లేచి చాలరాత్రియైన తరువాత పండుకొనుచు కష్టార్జితమైన ఆహారము తినుచునుండుట వ్యర్థమే, తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని 127వ కీర్తన. నిద్రపోవడం కూడా ఒక విధమైన నమ్మకమే. చెరువును ఆ కొన్ని గంటలు దేవుడికి వదిలేయడం.

ప్రార్థన నోట్లోంచి రావడం లేదన్నారు. అలాంటప్పుడు పొడుగు ప్రార్థనకు ప్రయత్నించకండి. 13వ కీర్తన ఆరు వచనాలే. పది నిమిషాలు చాలు. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" వాటిని చదివి, ఒక నోటుబుక్కులో మీ ఫిర్యాదు రెండు వాక్యాలు రాయండి. "ప్రభువా, ఎన్నాళ్లు ఫోన్ మోగితే ఉలిక్కిపడాలి?" అని రాసినా సరే. మర్యాద కోసం మెత్తబరచకండి. తర్వాత 3, 4 వచనాలు విన్నపం: "నామీద దృష్టి యుంచి నాకు ఉత్తరమిమ్ము". అక్కడ ఈరోజుకు కావలసింది ఒక్కటే అడగండి. పది లక్షలు ఒక్కసారి అడిగితే మనసు ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. ఈరోజు ఆయన అన్నం తినాలని, ఫలానావారితో మాట తగాదా లేకుండా ముగియాలని అడగండి. చివరి రెండు వచనాలు నమ్మిక. అవి మీ నోటికి రాకపోతే చదివి ఊరుకోండి, మీకు అనిపించనిదాన్ని అనిపించినట్టు చెప్పనక్కర్లేదు. కుమారుడి రోగంతో వచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడు (మార్కు 9:24). ఆ రెండు ముక్కలూ కలిపి పలికితే యేసు కాదనలేదు. అసలు మాటలే రాని రోజు మూలుగు చాలు. "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు" (రోమా 8:26).

మీవారిని ప్రార్థనకు బలవంతపెట్టకండి. రాత్రి మీరే ఆయన చెయ్యి పట్టుకుని ఒక కీర్తన చదివి "ఆమేన్" అనండి. ఆయన అనకపోయినా పర్లేదు.

ఇది ఇద్దరితో అయ్యేది కాదు, సంఘం కావాలి. కానీ ఎవరికి, ఎంత చెప్పాలో చూసుకోండి. ఆదివారం మైకులో ప్రార్థన మనవిగా చదివిస్తే అప్పుల సంగతి ఊరంతా తెలుస్తుంది, మీవారు ఇంకా ముడుచుకుపోతారు. నోరు కాచుకోగల ఇద్దరిని ఎంచుకోండి: కాపరి లేదా ఒక సంఘపెద్ద, స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ. "ప్రార్థన చేయండి" అని మాత్రం చెప్పి రాకండి. ఏం కావాలో పేరు పెట్టి అడగండి. వారానికి రెండు సాయంత్రాలు ఎవరైనా అన్నయ్య వచ్చి మీవారితో కూర్చోవాలి. చెరువు గురించి బోధించకుండా ఊరికే టీ తాగి వెళ్లాలి. యోబు స్నేహితులు చేసిన ఒకే మంచి పని ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చోవడం. బ్యాంకుకు వెళ్లేటప్పుడు లెక్కలు తెలిసినవాళ్లు ఒకరు తోడు రావాలి. పిల్లల ఫీజు ఒక టర్ముకు సంఘం సర్దగలదేమో అడగండి. "సమాధానముగా వెళ్లుడి" అని చెప్పి శరీరానికి కావలసింది ఇవ్వకపోతే ఏం ప్రయోజనమని యాకోబు అడిగింది సంఘాన్నే (2:16). అడగడంలో మీకు నామోషీ వద్దు.

అప్పుల విషయం. ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలి కథ మీకు తెలుసు (2 రాజులు 4). అప్పులవాడు ఇద్దరు కొడుకులను తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా వెంటనే అడిగింది "నీ యింటిలో ఏమి యున్నది?" అని. అద్భుతం తర్వాత చెప్పింది: నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలిన దానితో బతుకు. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఒకే కాగితం మీద ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, ఏం తాకట్టు, ఎవరి సంతకం, ఎప్పటికి అన్నవి రాయండి. మీ నాలుగు లక్షల మీద మూడు రూపాయల వడ్డీ నెలకు 12,000, ఏడాదికి 1,44,000. బ్యాంకులో బంగారం రుణం వడ్డీ దానికన్నా చాలా తక్కువ ఉంటుంది. కాబట్టి చేతికి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఆ మూడు రూపాయల అప్పు మీద పడాలి, బంగారానికి గడువులోపు వడ్డీ కట్టి వేలానికి పోకుండా తిరగరాయించుకోవాలి. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు, మోటార్లు మీ సొంతమైతే ఈ సీజన్ ఊరికే పెట్టే బదులు అమ్మడమో అద్దెకివ్వడమో మేలు. మేత కొట్టతను వడ్డీ ఆపి అసలు వాయిదాల్లో తీసుకోవడానికి చాలాసార్లు ఒప్పుకుంటాడు. అతనికి మీరు ఊరు వదిలి వెళ్లకపోవడమే లాభం. ఏ చెల్లింపు చేసినా ప్రామిసరీ నోటు వెనక చెల్లు వేయించుకోండి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టకండి. ఇంటికి వచ్చి బెదిరిస్తే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవల నంబరు. ఆదాయంతో పని లేకుండా ఆడవారికి ఉచితంగా న్యాయసహాయం ఇస్తారు.

ఇక మూడో పంట. దీనికి అందరూ చెప్పేది లూకా 5. రాత్రంతా ప్రయాసపడి ఏమీ దొరకని పేతురు "నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు, వలలు పిగిలేటన్ని చేపలు పడ్డాయి, మీరూ ఇంకోసారి వేయండి అంటారు. ఆ కథ ఎక్కడ ఆగిందో చూడండి. అంత చేపలు పడ్డ రోజే పేతురు వాళ్లు ఆ దోనెలను ఒడ్డున వదిలేసి యేసు వెంట వెళ్లిపోయారు (5:11). వ్యాపారం ఇంకోసారి చేయమని చెప్పడానికి రాసిన కథ కాదది. పైగా పేతురుకు ప్రభువు స్వయంగా చెప్పాడు. మీకు చెబుతున్నది పక్కింటివాళ్లు. నెహెమ్యా శత్రువులకు భయపడినప్పుడు ప్రార్థన చేశాడు, కావలివాళ్లనూ పెట్టాడు (4:9). విశ్వాసంతో వేయడం అంటే ఆ కావలి కూడా పెట్టడం.

ఈ చెరువుకు కావలి అంటే ఇది. ముందు రెండో పంట ఎందుకు ఎదగలేదో ల్యాబులో తేల్చుకోవాలి. ఎదుగుదల ఆగిపోవడం ఇ.హెచ్.పి. అనే రొయ్యల సూక్ష్మ పరాన్నజీవి వల్ల అయితే దాని బీజాలు అడుగు మట్టిలో ఉండిపోతాయి, చెరువు నింపి ప్రార్థించినంత మాత్రాన పోవు. నీరంతా తీసి, అడుగు పగుళ్లు తేలేదాకా ఎండబెట్టి, నల్లమట్టి ఎత్తివేసి, కాల్చిన సున్నం దున్ని కలిపి, తడిపి వారం ఆపాలి. ఇ.హెచ్.పి. చెరువులకు చెప్పే మోతాదు హెక్టారుకు ఆరు టన్నులు, అంటే మీ మూడెకరాలకు ఏడు టన్నుల పైన. తర్వాత వైట్ స్పాట్‌కూ ఇ.హెచ్.పి.కీ పి.సి.ఆర్. పరీక్ష చేసిన పిల్ల, గట్టు చుట్టూ పీతలు రాకుండా వల, పైన పిట్టలకు తాళ్లు. పిల్ల పల్చగా వేయాలి. ఈ ఖర్చంతా కొత్త మూడు రూపాయల వడ్డీ లేకుండా, మీతో పాటు నష్టం పంచుకునే భాగస్వామితో జరుగుతుందంటే ఆలోచించండి. అందులో ఏది కుదరకపోయినా ఈ సీజన్ వేయకండి. లీజు గడువు మిగిలి ఉంటే వేరొకరికి ఇవ్వగలరేమో యజమానిని అడగండి. మీవారు ఇప్పుడున్న స్థితిలో మూడోసారి ఓడిపోతే తట్టుకోలేరు, అది మీరు తూకంలో వేయాల్సిన మొదటి సంగతి.

ఆపడం అవిశ్వాసం కాదు. పౌలు బితూనియకు వెళ్లాలని ప్రయత్నిస్తే యేసు ఆత్మ వెళ్లనివ్వలేదు (అపొస్తలుల కార్యములు 16:7). ప్రయత్నం ఆగిన చోటే వేరే దారి కనబడింది. ఆ దారి మీకు వేరేవాళ్ల చెరువులో నెల జీతం పని కావచ్చు, బంధువుల ఊళ్లో కొంతకాలం ఉండటం కావచ్చు. అందులో అవమానమేమీ లేదు. రెండు పంటల అనుభవం ఉన్న మనిషికి గట్టు మీద పని దొరుకుతుంది.

ఆదివారం గుడికి మీవారు రాకపోతే పోరు పెట్టకండి. వస్తానంటే వెనక వరసలో కూర్చోండి. విజయ సాక్ష్యాల సమయంలో బయటకు వెళ్లాలనిపిస్తే వెళ్లనివ్వండి. ఎవరైనా "పంట ఎలా ఉంది" అని అడిగితే "పోయింది, మేం ఉన్నాం" అని చెప్పండి. ఈ వారం చేయాల్సినవి నాలుగే: ఈ రాత్రి ఆయనతో మాట, రేపు 14416 లేదా డాక్టరు, ఆ తర్వాత కాపరి దగ్గర మొక్కుబడి సంగతి, శనివారంలోపు అప్పుల కాగితం. మూడో పంట మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. కాగితం రాశాక అంకెలు చూసి ఏం పాలుపోకపోతే వాటిని పేర్లు లేకుండా మాకు రాయండి, ఏది ముందు తీర్చాలో కలిసి చూద్దాం.